కీళ్ళు – నీళ్ళు

పాఠ్యభాగ ఉద్దేశం: మన శరీరంలోని కీళ్ళ నిర్మాణాన్ని, అవి కదిలే తీరును తెలపడం, కీళ్ళ ఆరోగ్యానికీ మనం త్రాగే నీటికీ గల సంబంధాన్ని గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

కబడ్డీ ఆటలో కూతకు వెళ్ళిన ఆటగాణ్ణి గమనించండి. నడుము వంచుతాడు. మెడ తిప్పి అటూ ఇటూ చూస్తాడు. చేయి చాచి ఎదుటివానిని తాకుతాడు. ఒక్క ఊపున వెనుకకు తిరిగి గీత దాటుతాడు. ఇదంతా ఒక్క గుక్కలో జరిగిపోతుంది. అతని ఎముకలు గట్టివి. వాటిలో ఒక్కటి కూడా వంగలేదు. మరి శరీరం ఇన్ని విధాలుగా ఎట్లా వంగింది? ఎముకకూ ఎముకకూ నడుమ ఉన్న కీళ్ళ వల్లనే.

కీలు అంటే ఏమిటి?

రెండు లేక అంతకంటె ఎక్కువ ఎముకలు కలిసే చోటును కీలు అంటారు. దీనికే సంధి అని మరొక పేరు. వ్యాకరణంలో కూడా మీరు సంధులను చదువుకున్నారు. అక్కడైనా ఇక్కడైనా సంధి అంటే కలయికే. అయితే ఒక భేదం ఉన్నది. 'వెన్ను', 'ఎముక' అనే రెండు మాటలు కలిసి 'వెన్నెముక' అనే ఒకే మాట అవుతుంది. శరీరంలోని సంధులలో చాలావాటిలో ఎముకలు కలిసి ఉంటాయి గాని ఒకటైపోవు. ఒకటైపోతే కదలిక పోతుంది. ఈ మాటను జ్ఞాపకం ఉంచుకోండి. ఈ పాఠానికంతటికీ ఇదే ముఖ్యం.

పెద్దవారి శరీరంలో 206 ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డలో ఇవి సుమారు 300 దాకా ఉంటాయి. బిడ్డ పెరిగేకొద్దీ కొన్ని ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. పసిబిడ్డ నడినెత్తిన మెత్తగా తగిలే మాడు కూడా ఎముకలు ఇంకా దగ్గరకు చేరని చోటే.

మన పూర్వులు కీళ్ళను శ్రద్ధగా పరిశీలించారు. ప్రాచీన శస్త్రవైద్య గ్రంథమైన సుశ్రుత సంహితలో శరీరంలోని సంధులు 210 అని లెక్కించి, వాటిని ఎనిమిది రకాలుగా విభజించారు. లెక్కలో నేటి శాస్త్రానికీ దానికీ తేడా ఉన్నా, కీళ్ళను వాటి ఆకారాన్ని బట్టి, కదలికను బట్టి వేరుచేయడం నేటికీ సాగుతున్న పద్ధతే.

కీళ్ళలో రకాలు

కదలికను బట్టి కీళ్ళను మూడు విధాలుగా చెప్పవచ్చు.

మొదటివి కదలని కీళ్ళు. తలలో 22 ఎముకలు ఉన్నాయి. క్రింది దవడ తప్ప మిగిలినవి కదలవు. పుర్రె ఎముకల అంచులు రంపపు పండ్లవలె ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. మెదడును కాపాడవలసిన చోట కదలిక కంటె బలం ముఖ్యం. ఇట్టి కీలుకు సుశ్రుతుడు 'తున్నసేవని' అని పేరు పెట్టాడు. బట్టకు వేసిన కుట్టు వంటిదని దాని భావం.

రెండవవి కొద్దిగా కదిలే కీళ్ళు. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు ఉంటాయి. ఏ రెండు వెన్నుపూసలను చూసినా వాటి మధ్య కదలిక స్వల్పమే. కాని ఆ స్వల్పమైన కదలికలన్నీ కూడి మనం నేలకు వంగి కలుపు తీయగలుగుతున్నాము.

మూడవవి బాగా కదిలే కీళ్ళు. వీటిలో ముఖ్యమైన నాలుగు రకాలను మన ఇంట్లోని వస్తువులతో పోల్చి తెలుసుకోవచ్చు.

బంతి గిన్నె కీలు: రుబ్బురోలు గుంటలో పొత్రం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. భుజంలోను, తుంటిలోను ఇట్లాగే ఒక ఎముక యొక్క గుండ్రని తల మరొక ఎముకలోని గుంటలో తిరుగుతుంది. సుశ్రుతుడు దీనిని 'ఉలూఖల సంధి' అన్నాడు. ఉలూఖలం అంటే రోలు. భుజంలో గుంట లోతు తక్కువ. కనుకనే చేయి అన్నివైపులా తిరుగుతుంది, అంత సులభంగా తొలగిపోతుంది కూడా. తుంటిలో గుంట లోతు ఎక్కువ. అది శరీర భారాన్ని మోయాలి కదా!

మడతబందు కీలు: తలుపు బందు మీద తలుపు ఒకే తీరున తెరుచుకొని మూసుకుంటుంది. మోచేయి, మోకాలు, వేళ్ళ కణుపులు ఇట్టివే. మోచేతిని ముందుకు మడవగలం గాని వెనుకకు మడవలేము.

బొంగరపు కీలు: తిరగలిలో క్రిందిరాయికి నడుమ ఒక మేకు ఉంటుంది. దాని చుట్టూ పైరాయి తిరుగుతుంది. మెడలోని మొదటి వెన్నుపూస ఉంగరం వలె ఉంటుంది. రెండవ వెన్నుపూసకు మేకు వంటి భాగం పైకి పొడుచుకొని ఉంటుంది. ఆ మేకు చుట్టూ ఉంగరం తిరిగితే మన తల అటూ ఇటూ తిరుగుతుంది. 'కాదు' అని తల ఊపేది ఈ కీలు వల్లనే.

జారెడు కీలు: గుప్పిట్లోని చింతగింజలు ఒకదాని మీద ఒకటి జారినట్లు, మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి కొద్దిగా జారుతాయి. చీలమండ పాదంతో కలిసే చోట కూడా ఇట్టి కీళ్ళు ఉన్నాయి.

కీలు లోపల ఏమున్నది?

ఎముక మీద ఎముక ఒరుసుకుంటే రెండూ అరిగిపోతాయి. అట్లా జరగకుండా కీలు వద్ద ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. కీలు చుట్టూ ఒక సంచి ఉంటుంది. దాని లోపలి పొర నుండి జిగట ద్రవం ఊరుతుంది. బండి ఇరుసుకు కందెన ఎట్లాగో కీలుకు ఈ ద్రవం అట్లాగు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి ఆహారం కూడా ఈ ద్రవం నుండే అందాలి. కీలు కదిలినప్పుడు మృదులాస్థి నొక్కుకొని తిరిగి విచ్చుకుంటూ ద్రవాన్ని పీల్చుకుంటుంది. అందుచేత కదలిక కీలుకు పని మాత్రమే కాదు, పోషణ కూడా.

ఎముకను ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీలను సంధి బంధనాలు అంటారు. కండరాన్ని ఎముకకు అంటించే త్రాళ్ళు స్నాయు బంధనాలు. ఎముకలను కదిలించేవి కండరాలు. చేదతాడుతో బిందెను బావి నుండి పైకి లాగగలం గాని, తాడుతో దానిని క్రిందికి నెట్టలేము. కండరం కూడా అంతే. అది లాగగలదే గాని నెట్టలేదు. కనుక కండరాలు జంటలుగా పనిచేస్తాయి. దండచేయి ముందున్న కండరం బిగిస్తే మోచేయి మడుచుకుంటుంది. వెనుకనున్న కండరం బిగిస్తే చాచుకుంటుంది.

ఇప్పుడు ఒకసారి ఆలోచించండి. మృదులాస్థి, ద్రవం, సంధి బంధనాలు, స్నాయు బంధనాలు – వీటిలో ఏదీ ఎముక కాదు. ఎముక కానివి ఎముకల నడుమ ఉన్నందువల్లనే కీలు కదులుతున్నది. ఈ మెత్తని భాగాలు ఎముక వలె గట్టిపడితే ఏమవుతుంది? ఇది ఊహ కాదు. మన ప్రాంతంలో ఎందరో అనుభవిస్తున్న బాధ. దానిని గురించి తెలుసుకోవాలంటే ముందు మన నేలను, నీటిని గురించి తెలుసుకోవాలి.

మన నేల – మన నీరు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రాంతం 2007 వరకు కోలారు జిల్లాలో భాగం. ఆ సంవత్సరం చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది. ఇక్కడ నల్లరాతి గుట్టలు ఎక్కువ, వాన తక్కువ. చిత్రావతి, పాపఘ్ని వంటి నదులు ఈ జిల్లా కొండలలోనే పుట్టి ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవహిస్తున్నా, వాటిలో ఏడాది పొడవునా నీరు పారదు. అందుకే మన పెద్దలు ఊరూరా చెరువులు త్రవ్వించారు. వాన నీరు చెరువులో నిలిచేది. చెరువు క్రింది కపిల బావులలో ఊట ఊరేది. బోరుబావులు పెరిగిన తరువాత ఈ పరిస్థితి మారింది. చెరువులు పూడిపోయాయి, బావులు ఎండిపోయాయి. నీటి కోసం వెయ్యి అడుగులు దాటి బోరు వేయవలసిన ఊళ్ళు ఏర్పడ్డాయి.

భూమి లోపలి రాళ్ళలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీరు రాతి పగుళ్ళలో ఎక్కువ కాలం నిలిచినప్పుడు ఆ ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. బాగేపల్లి తాలూకాలోను, చుట్టుప్రక్కల తాలూకాలలోను అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ పరిమితిని మించి ఉన్నదని పరీక్షలలో తేలింది. ఒకే ఊరిలో ఒక బోరు నీరు మంచిదై, మరొక బోరు నీరు చెడ్డది కావచ్చు.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన దేశపు ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము లోపల ఉండడం మేలు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చు. ఇరవై లీటర్ల డబ్బాకు లెక్క కట్టితే అది 30 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కంటె ఎంతో తక్కువ! ఈ కొద్దిపాటి ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తేటగా, తియ్యగా ఉన్న నీటిలో కూడా అది ఉండవచ్చు. మితంగా ఉంటే దంతాలు పుచ్చిపోకుండా కాపాడుతుంది. మితి మీరితే కీడు చేస్తుంది.

మెత్తనివి గట్టిపడితే

శరీరంలో నిలిచిన ఫ్లోరైడ్‌లో నూటికి 99 వంతులు ఎముకలలో, దంతాలలో చేరుతుంది. దీనివల్ల కలిగే వ్యాధిని ఫ్లోరోసిస్ అంటారు. ఇది మొదట పిల్లల దంతాల మీద కనిపిస్తుంది. దంతాలు చిగుళ్ళ లోపల తయారయ్యే వయస్సులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు త్రాగితే తరువాత వచ్చే దంతాల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఇవి పండ్లు తోమకపోవడం వల్ల వచ్చినవి కావు. ఎంత తోమినా పోవు. ఇట్టి దంతాలు ఉన్న తోటి పిల్లలను చూసి నవ్వడం తగదు. ఆ చారలు వారు త్రాగిన నీటికి గుర్తులు, వారి అశ్రద్ధకు గుర్తులు కావు.

ఇట్టి నీటినే ఏళ్ళ తరబడి త్రాగితే వ్యాధి ఎముకలకు ప్రాకుతుంది. ఎముకలు చిక్కబడతాయి గాని పెళుసు అవుతాయి. సంధి బంధనాలు, స్నాయు బంధనాలు ఎముకకు అంటుకొనే చోట క్రొత్త ఎముక పెరుగుతుంది. మెత్తగా వంగవలసిన పట్టీలు సున్నం పట్టి గట్టిపడతాయి. మొదట కీళ్ళలో నొప్పి, ఉదయం లేవగానే బిగుతు కలుగుతాయి. "వయస్సు మీరింది, వాతం పట్టింది" అని చాలామంది అనుకుంటారు. వ్యాధి ముదిరితే నడుము వంగదు. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ప్రక్కకు చూడాలంటే మెడ తిరగక మనిషి మొత్తం తిరగవలసి వస్తుంది. నేల మీద కూర్చొని సంగటి తినడం, కలుపు తీయడం, బిడ్డను ఎత్తుకోవడం కూడా కష్టమవుతుంది. వేరువేరుగా ఉండవలసిన ఎముకలు ఒకటైపోతే కదలిక పోతుందని పాఠం మొదట్లో చెప్పిన మాటకు అర్థం ఇదే.

తెలుగు ప్రాంతాలలో జరిగిన పరిశోధనలు

ఈ వ్యాధిని గురించిన జ్ఞానం పెరగడానికి తెలుగు ప్రాంతాలలో జరిగిన పరిశోధనలు ఎంతో తోడ్పడ్డాయి. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు, నాడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న నెల్లూరు జిల్లా పల్లెలలో నడుము, మెడ బిగుసుకుపోయిన వారిని పరీక్షించి, దానికి కారణం త్రాగునీటిలోని ఫ్లోరైడ్ అని ప్రకటించారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను గురించి వెలువడిన తొలి నివేదికలలో ఇది ముఖ్యమైనది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడ్ ప్రాంతాలలోని యువకులలో కాళ్ళు వంకరపోయి మోకాళ్ళు ఒకదానితో ఒకటి ఒరుసుకొనడాన్ని వివరించారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు పటిక, సున్నం కలిపి నీటి నుండి ఫ్లోరైడ్‌ను తొలగించే విధానాన్ని రూపొందించారు. దానికి నల్గొండ పద్ధతి అని పేరు వచ్చింది. భారత ప్రభుత్వం 2008–09లో ఫ్లోరోసిస్ నివారణకు, నియంత్రణకు ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

మనం ఏమి చేయగలం?

"కీలెరిగి వాత పెట్టాలి" అని మన పెద్దలు అంటారు. అసలు కారణం ఎక్కడ ఉన్నదో తెలుసుకొని అక్కడే చికిత్స చేయాలని దీని భావం. ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. నొప్పికి మందులు వాడినా, త్రాగే నీరు మారకపోతే ప్రయోజనం తక్కువ. ఈ వ్యాధికి అసలు కీలు నీటిలో ఉన్నది. కనుక వాత పెట్టవలసింది అక్కడే.

ముందుగా నీటిని పరీక్ష చేయించాలి. పరీక్షకు ఉపయోగించే ఒక రసాయనం ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు నుండి పసుపు రంగుకు మారుతుంది. ఊరి బోరు నీటిని పరీక్ష చేయించమని గ్రామ పంచాయతిని కోరవచ్చు.

నీటిని కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. పైగా కొంత నీరు ఆవిరైపోవడం వల్ల మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. బట్టతో వడగట్టినా పోదు. శుద్ధ నీటి ఘటకాలలో ఉన్న ఆర్.ఓ. యంత్రం దానిని తగ్గిస్తుంది. అయితే యంత్రాన్ని సరిగా చూసుకోవాలి. త్రాగడానికే కాదు, వంటకు కూడా మంచి నీటినే వాడాలి. సంగటి, అన్నం, పప్పు వండిన నీరు కూడా మన కడుపులోకే వస్తుంది కదా!

వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మిద్దె మీద పడిన వాన నీటిని శుభ్రమైన తొట్టిలో నిలువ చేసి, వడగట్టి, కాచి త్రాగవచ్చు. చెరువులలో పూడిక తీసి వాన నీటిని నిలిపితే భూమిలోకి మంచి నీరు ఇంకుతుంది.

తగినంత కాల్షియం, సి విటమిన్ లభించే శరీరానికి ఫ్లోరైడ్ చేసే కీడు కొంత తగ్గుతుంది. ఇందుకు మనం దూరం వెళ్ళనక్కరలేదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పాలు, ఆకుకూరలు, ఉసిరికాయ, నిమ్మ, జామ కూడా మేలు చేస్తాయి.

పెద్దవారిలో కీళ్ళ బిగుతును గుర్తించడానికి వైద్యులు మూడు చిన్న పరీక్షలు చేయిస్తారు. మోకాళ్ళు వంచకుండా వంగి కాలి వేళ్ళను తాకడం మొదటిది. గడ్డాన్ని ఎదకు ఆనించడం రెండవది. చేతులు ప్రక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని తాకడం మూడవది. ఇవి చేయలేని వారందరికీ ఫ్లోరోసిస్ ఉన్నదని కాదు. దెబ్బల వల్ల, ఇతర కీళ్ళ వ్యాధుల వల్ల కూడా బిగుతు కలుగుతుంది. వ్యాధిని నిర్ధారించవలసింది వైద్యులే. మీ ఇంటి అవ్వతాతలు వీటిని చేయలేకపోతే నవ్వక, వారిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళమని ఇంట్లో చెప్పండి.

పిల్లలారా! మీ దంతాలు, ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. పెద్దవారికి జరిగిన నష్టాన్ని వెనుకకు మరల్చలేకపోవచ్చు. మీకు, మీ చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు ఆ నష్టం కలుగకుండా ఆపవచ్చు. "ఈ బిందెలోని నీరు ఎక్కడిది? దీనిని పరీక్ష చేశారా?" అని అడగడం నేర్చుకోండి. ఈ ప్రశ్నకు మీ ఊరిలో జవాబు దొరికే వరకు అడుగుతూనే ఉండండి.

కఠిన పదాలు – అర్థాలు

మృదులాస్థి = మెత్తని ఎముక వంటి పదార్థం
ఇరుసు = బండి చక్రం తిరిగే కడ్డీ
కందెన = రాపిడి తగ్గడానికి పూసే నూనె
ఉలూఖలం = రోలు
పెళుసు = సులభంగా విరిగేది
పూడిక = చెరువులో చేరిన ఒండ్రుమట్టి

అభ్యాసం

అ. ఒక్కొక్క వాక్యంలో జవాబు వ్రాయండి.
1. కీలు అని దేనిని అంటారు?
2. పుర్రెలో కదిలే ఎముక ఏది?
3. మృదులాస్థికి ఆహారం ఎట్లా అందుతుంది?
4. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఎంత ఫ్లోరైడ్ వరకు అనుమతించవచ్చు?

ఆ. నాలుగైదు వాక్యాలలో జవాబు వ్రాయండి.
1. భుజం కీలుకు, తుంటి కీలుకు గల పోలికను, భేదాన్ని తెల్పండి.
2. కండరాలు జంటలుగా పనిచేయడానికి కారణమేమి?
3. నీటిని కాచి త్రాగితే ఫ్లోరోసిస్ రాదని ఒకరు అన్నారు. మీరు ఏమని సమాధానం చెబుతారు?
4. ఫ్లోరోసిస్ వచ్చినవారి కీళ్ళు ఎందుకు బిగుసుకుపోతాయి?

ఇ. జతపరచండి.
1. మోచేయి – (క) తిరగలి
2. మెడ – (చ) రుబ్బురోలు
3. భుజం – (ట) బట్టకు వేసిన కుట్టు
4. పుర్రె – (త) తలుపు బందు

ఈ. భాషాంశం
వెన్ను + ఎముక = వెన్నెముక. ఇది ఉత్వసంధి. ఇట్లాగే క్రింది పదాలను విడదీయండి: నీరెక్కడ, కీలొకటి, ఎముకలన్నీ.
"కీలెరిగి వాత పెట్టు" అనే సామెతను ఉపయోగించి సొంతంగా ఒక వాక్యం వ్రాయండి.

ఉ. కృత్యం
మీ ఇంట్లో త్రాగే నీరు, వంటకు వాడే నీరు ఎక్కడి నుండి వస్తున్నవో పెద్దలను అడిగి తెలుసుకోండి. మీ తరగతి పిల్లలందరి వివరాలను ఒక పట్టికగా వ్రాయండి. ఉపాధ్యాయుల సహాయంతో, మీ ఊరి బోరు నీటిని పరీక్ష చేయించవలసిందిగా కోరుతూ గ్రామ పంచాయతికి ఒక లేఖ వ్రాయండి.